ఆల్బమ్ రెడీ, డబ్బు కొంచెమే: రేడియోకా, ప్రమోటర్‌కా, ప్లేలిస్ట్‌కా?

రికార్డింగ్ అయిపోయింది, మాస్టరింగ్ అయిపోయింది, ఫైల్స్ చేతికొచ్చాయి. బ్యాండ్‌లో నలుగురూ తలా కొంత వేసుకోగా మిగిలిన డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. ఆ ఒక్క పని ఏది? అమెరికాలో సొంతంగా పాటలు విడుదల చేసుకునే ఇండీ రాక్ బ్యాండ్లన్నీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గర ఆగుతాయి. నేను అక్కడ చదువుకున్న రోజుల్లో రెండేళ్లు కాలేజ్ రేడియోలో వాలంటీర్‌గా పనిచేశాను. వారం వారం వచ్చే రికార్డులు విని, ఏవి స్టూడియో షెల్ఫ్‌లోకి వెళ్లాలో, ఏవి పక్కన పెట్టాలో చెప్పే పని. తర్వాత స్నేహితుల బ్యాండ్లకి ప్రచారం పనుల్లో సాయం చేశాను. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పాట విని, నచ్చితేనే వేసే మనిషి ఎక్కడ ఉంటే ముందు అక్కడ మీ సమయం పెట్టండి. డబ్బు సంగతి ఆ తర్వాత చూద్దాం.

ముందు రేడియోల సంగతి

రేడియోకి పంపాలి అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఊళ్లోని పెద్ద ఆల్టర్నేటివ్ రాక్ స్టేషన్. అక్కడ పగటిపూట వచ్చే పాటల జాబితా మీకు అందేది కాదు. 1996లో టెలికమ్యూనికేషన్స్ చట్టం రాకముందు ఒక కంపెనీ దేశమంతటా 40 స్టేషన్లకు మించి ఉంచుకోవడానికి వీల్లేదు. ఆ పరిమితి పోయాక కొద్ది ఏళ్లలోనే క్లియర్ ఛానెల్ ఒక్కదాని కిందకే 1,200కి పైగా స్టేషన్లు వచ్చాయి. ఏ పాట వేయాలి, ఎన్నిసార్లు వేయాలి అన్నది ఊరి డీజే చేతిలోంచి జారిపోయి ప్రోగ్రామ్ డైరెక్టర్లూ సర్వేలూ తేల్చే విషయమైంది. ఆ జాబితాలోకి వెళ్లాలంటే వెనక పెద్ద లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఉండాలి, పెద్ద ఖర్చు పెట్టగలగాలి. చిన్న బ్యాండ్ ఆ ఆశతో ఒక్క డాలర్ పెట్టినా నాకు బాధగానే ఉంటుంది.

అయితే అవే స్టేషన్లలో ఒక చిన్న కిటికీ తెరిచి ఉంటుంది. దాన్నే స్పెషాల్టీ షో అంటారు. వారానికి ఒకసారి, ఎక్కువగా ఆదివారం రాత్రి, గంటో రెండు గంటలో వస్తుంది. ఆ కాసేపూ హోస్ట్‌కి నచ్చిందే పాట. లాస్ ఏంజెలెస్‌లో కేరాక్ స్టేషన్‌లో రాడ్నీ బింగెన్‌హైమర్ 1976 నుంచి 2017 దాకా అలాంటి షో నడిపారు. రమోన్స్, బ్లాండీ లాంటి బ్యాండ్లను ఆ నగరానికి ముందుగా వినిపించినవాళ్లలో ఆయనొకరు. నలభై ఏళ్లు ఒకే మనిషి, ఒకే అభిరుచి. శ్రోతలు ఆ స్టేషన్‌తో పాటు ఆయన్నీ నమ్మారు. స్పెషాల్టీ షో విలువంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ఇక కాలేజ్ రేడియో. విద్యార్థులు, ఊళ్లోని వాలంటీర్లు కలిసి నడుపుతారు. ప్రకటనల మీద బతకాల్సిన పని లేదు కాబట్టి ఎవరికీ తెలియని పాట వేసినా వాళ్లకు నష్టం లేదు. ఇక్కడ మ్యూజిక్ డైరెక్టర్ అంటే మన సినిమాల్లోలా బాణీలు కట్టే మనిషి కాదు. వచ్చిన రికార్డులు విని, ఏవి స్టేషన్‌లో చేర్చాలో తేల్చే విద్యార్థి. అలా చేర్చడాన్ని యాడ్ అంటారు. చేరిన రికార్డు హెవీ, మీడియం, లైట్ అని ఏదో ఒక రొటేషన్‌లో, అంటే ఎంత తరచుగా వేయాలన్న వరుసలో, పడుతుంది. గంటకు ఇన్ని పాటలు రొటేషన్‌లోంచి వేయాలని చాలా స్టేషన్లలో డీజేలకు నియమం ఉంటుంది. ఒకసారి వేస్తే ఒక స్పిన్. వారానికోసారి ఎక్కువ స్పిన్స్ వచ్చిన రికార్డుల పేర్లు చార్ట్‌కి వెళతాయి. 1978లో మొదలైన సీఎంజే అనే పత్రిక చాలా ఏళ్లు ఆ చార్ట్ నడిపింది. 2017 నుంచి ఎన్ఏసీసీ అనే చార్ట్ ఆ పని చేస్తోంది, అందులో టాప్ 200 ఉంటుంది. 1980ల మొదట్లో జార్జియాలోని ఏథెన్స్ నుంచి వచ్చిన ఆర్‌ఈఎమ్‌ని పెద్ద స్టేషన్ల కంటే ముందు పట్టుకున్నది ఈ విద్యార్థులే.

మూడో రకం, శ్రోతల విరాళాలతో నడిచే పెద్ద నాన్‌కమర్షియల్ స్టేషన్లు. సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ, శాంటా మోనికాలో కేసీఆర్‌డబ్ల్యూ, ఫిలడెల్ఫియాలో డబ్ల్యూఎక్స్‌పీఎన్, మినెసోటాలో 2005లో మొదలైన ద కరెంట్ ఈ కోవలోవి. న్యూజెర్సీలోని డబ్ల్యూఎఫ్ఎమ్‌యూది ఇంకో దారి. 1995లో దాన్ని నడిపిన కాలేజీ మూతపడ్డా స్టేషన్ మాత్రం సొంతంగా నిలబడింది. అక్కడ ఏ డీజే ఏం వేసినా అడిగేవాళ్లు లేరు. కేఈఎక్స్‌పీ కథ నాకు ప్రత్యేకంగా ఇష్టం. 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కేసీఎమ్‌యూ పేరుతో మొదలైన విద్యార్థుల స్టేషనే 2001లో కేఈఎక్స్‌పీ అయింది. సబ్ పాప్ లేబుల్‌ని నిలబెట్టిన బ్రూస్ పావిట్, జోనాథన్ పోన్‌మన్ ఇద్దరూ అక్కడ డీజేలే. సౌండ్‌గార్డెన్ గిటారిస్ట్ కిమ్ థాయిల్ కూడా అక్కడే షో చేశాడు. మీరు ఈరోజు ఈమెయిల్ పంపే ఇరవై ఏళ్ల డీజే ఐదేళ్ల తర్వాత లేబుల్ నడుపుతుండవచ్చు, క్లబ్‌లో బ్యాండ్లను బుక్ చేస్తుండవచ్చు. కాలేజ్ రేడియో శ్రోతలు తక్కువ కదా అని కొట్టిపారేసేవాళ్లకి నేను చెప్పే మాట ఇదే.

ఈ మూడిట్లో మొదట ఎక్కడికి? మీరు కచేరీ చేయబోయే ఊళ్లలోని కాలేజ్ స్టేషన్లు, స్పెషాల్టీ షోలు ముందు. స్పెషాల్టీ షోలో వచ్చేది ఒక్క స్పిన్, మహా అయితే రెండు. కానీ ఆ హోస్ట్ మాట ఆ ఊరి క్లబ్బుల్లో చెల్లుతుంది. కాలేజ్ స్టేషన్‌లో శ్రోతలు తక్కువే, కానీ పాట వారాల తరబడి తిరుగుతుంది. పెద్ద నాన్‌కమర్షియల్ స్టేషన్లకి తప్పకుండా పంపండి, జవాబు కోసం మాత్రం పనులు ఆపుకోవద్దు. అక్కడ వచ్చిపడే రికార్డుల గుట్ట అంతది.

బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉండే బ్యాండ్లకి లెక్క వేరు. జాన్ పీల్ అనే డీజే 1967 నుంచి 2004లో చనిపోయేదాకా బీబీసీ రేడియో 1లో చేసిన పని వల్ల, కొత్త పాటను వెతికి వినిపించడం ప్రజల రేడియో బాధ్యత అన్న భావన అక్కడ గట్టిపడింది. 2007లో వచ్చిన బీబీసీ ఇంట్రడ్యూసింగ్‌లో పాటను నేరుగా అప్‌లోడ్ చేస్తే మీ ప్రాంతపు షో వాళ్లు వింటారు. ఆస్ట్రేలియాలో ట్రిపుల్ జే అనే ప్రజల రేడియో కొత్త బ్యాండ్ల కోసం నడిపే అన్ఎర్త్‌డ్ 1995 నుంచి ఉంది. గ్రిన్‌స్పూన్, మిస్సీ హిగ్గిన్స్ దాని ద్వారానే వెలుగులోకి వచ్చారు. మీరు అక్కడ ఉంటే ఈ రెండూ ఉచితం, మొదటి రోజే చేయాల్సిన పని. ఆలోచించడానికి ఏమీ లేదు.

మీరే పంపుకోవడం

డబ్బు ఖర్చు లేదు, శ్రమ మాత్రం ఉంది. మూడు వందల స్టేషన్లకి ఒకే మెయిల్ కొట్టడం కంటే, నలభై షోలను ఎంచుకుని ఒక్కొక్కరికీ విడిగా రాయడం ఎన్నో రెట్లు మేలు. ఆ నలభైని ఎలా వెతకాలి? స్పినిట్రాన్ అనే సైట్‌లో చాలా కాలేజ్, కమ్యూనిటీ స్టేషన్ల ప్లేలిస్టులు ఉంటాయి. మీ సంగీతానికి దగ్గరగా ఉండే చిన్న బ్యాండ్ పేరు తీసుకుని, దాన్ని ఈమధ్య ఎవరు వేశారో చూడండి. పెద్ద బ్యాండ్ పేరుతో వెతికితే అందరూ వస్తారు, ఉపయోగం ఉండదు.

మెయిల్‌లో ఏముండాలో నా అనుభవం చెబుతాను. మా స్టేషన్‌లో ఒక్కో వారం ఎన్ని రికార్డులు వచ్చేవంటే, మొదటి పాట మొదటి నిమిషంలో ఏదో ఒకటి తేలిపోవాల్సిందే. బ్యాండ్ ఎలా పుట్టిందో మూడు పేరాలు రాసినవాళ్లవి ఎవరూ చదివేవాళ్లం కాదు. ఏ ఊరి బ్యాండ్, ఎవరి పాటలు నచ్చేవాళ్లకి ఇవి నచ్చుతాయి, ముందు వినాల్సిన మూడు పాటలు ఏవి, ఏ పాటలో బూతు మాట ఉంది. ఇంతే కావాలి. చివరిది చిన్న విషయంలా అనిపిస్తుంది, కాదు. అమెరికా ప్రసార నియమాల ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా అసభ్యమైన మాటలు గాల్లోకి వెళ్లకూడదు, వెళితే స్టేషన్‌కి జరిమానా పడే ప్రమాదం ఉంది. ఏ పాట శుభ్రంగా ఉందో చెప్పని రికార్డుని పగటి డీజే భయంతో ముట్టుకోడు. ఆ మాట తీసేసిన వెర్షన్ ఒకటి జతచేస్తే సగం పని అయినట్టే.

డౌన్‌లోడ్ లింక్ లాగిన్ అడగకుండా తెరుచుకోవాలి. ఫైల్‌లో పాట పేరు, బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు సరిగ్గా నింపి ఉండాలి. "ట్రాక్ 03 ఫైనల్ 2" అని వచ్చిన ఫైల్‌ని అర్ధరాత్రి షోలో ఉన్న డీజే ఎలా వెతుక్కుంటాడు? ఇంకో మాట, తేదీ చూసుకోండి. డిసెంబర్‌లో, వేసవి సెలవుల్లో విద్యార్థుల స్టేషన్లు సగం ఖాళీగా ఉంటాయి. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ నెలలు మంచివి. పంపిన పది రోజులకి ఒకసారి మర్యాదగా గుర్తు చేయండి. మళ్లీ ఇంకోసారి. అంతటితో వదిలేయండి.

రేడియో ప్రమోటర్

ఇంగ్లండ్‌లో వీళ్లను ప్లగ్గర్ అంటారు. మీ రికార్డుని వందల స్టేషన్లకి పంపి, యాడ్ తేదీ ఒకటి పెట్టి, తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు మ్యూజిక్ డైరెక్టర్లకి ఫోన్లు, మెయిళ్లు చేసి, వారానికో రిపోర్ట్ ఇవ్వడం వాళ్ల పని. దేశవ్యాప్తంగా కాలేజ్ రేడియో ప్రచారం అంటే మాట వేల డాలర్లలోనే ఉంటుంది. మీరు చేయలేనిది వాళ్లేం చేస్తారు? నిజంగా చేసేది ఒకటే, అది చిన్నది కాదు. మంచి ప్రమోటర్ ఫోన్ చేస్తే మా మ్యూజిక్ డైరెక్టర్ ఎత్తేది. ఎందుకంటే అంతకుముందు ఆ మనిషి పంపినవాటిలో బాగున్నవి ఎక్కువ. మీకు నచ్చదులే అని తనే చెప్పిన రికార్డులూ ఉన్నాయి. ఏళ్ల తరబడి సంపాదించుకున్న ఆ నమ్మకాన్నే మీరు ఎనిమిది వారాలకి అద్దెకు తీసుకుంటున్నారు. చెడ్డ ప్రమోటర్ ఫోన్లు కూడా వచ్చేవి. అవి మోగి మోగి ఆగిపోయేవి.

కాబట్టి డబ్బు ఇచ్చే ముందు అడగాల్సినవి అడగండి. మా యాడ్ వారంలోనే మీరు ఇంకెన్ని రికార్డులు పంపుతున్నారు? ఫోన్ చేసేది మీరా, కొత్తగా చేరిన ఇంటర్నా? పాత ప్రచారం తాలూకు వారపు రిపోర్ట్ ఒకటి చూపిస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, మా రికార్డులో కాలేజ్ రేడియోకి పనికిరానిది ఏముంది? ఈ చివరి ప్రశ్నకి తడుముకోకుండా సూటిగా జవాబు చెప్పిన మనిషి పాటలు విన్నాడని అర్థం. అంతా అద్భుతం అన్నవాళ్ల దగ్గర నేనైతే ఆగను.

"ఇన్ని యాడ్స్ గ్యారంటీ", "చార్ట్‌లో ఇంత స్థానం గ్యారంటీ" అన్న మాట వినపడితే అక్కడితో మాట్లాడటం ఆపేయండి. ప్రమోటర్‌కి మీరిచ్చే డబ్బు పాటని పరిచయం చేసినందుకు. ఆ డబ్బులో కొంత స్టేషన్‌కో, డీజేకో చేరి, ఆ సంగతి ప్రసారంలో చెప్పకుండా పాట వేస్తే దాన్ని పేయోలా అంటారు. 1960 నుంచి అమెరికాలో అది నేరం. ఏడాది దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. చట్టం ఉన్నా ఆ అలవాటు చావలేదు. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ దర్యాప్తులో 2005లో సోనీ బీఎమ్‌జీ 10 మిలియన్ డాలర్లు కట్టి రాజీకి వచ్చింది, తర్వాత మిగతా పెద్ద లేబుళ్లూ కట్టాయి. 2007లో నాలుగు పెద్ద రేడియో కంపెనీలు ప్రభుత్వానికి 12.5 మిలియన్ డాలర్లు చెల్లించాయి. దాంతోపాటు చిన్న లేబుళ్ల, స్థానిక కళాకారుల పాటలకి అరగంట చొప్పున 8,400 భాగాల సమయం ఇస్తామని ఒప్పుకున్నాయి. డబ్బుతో మూసిన తలుపు దగ్గర ఇండీ బ్యాండ్లు ఎన్నేళ్లు నిలబడ్డాయో ఆ ఒక్క అంకె చెబుతుంది.

ప్లేలిస్టులు

ఇక్కడ ఉచితంగా చేయాల్సింది ఒకటి ఉంది, అది అందరూ చేయాలి. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో విడుదలకి కనీసం 7 రోజుల ముందు పాటని ప్లేలిస్ట్ ఎడిటర్లకి పంపితే, ఎడిటర్లు ఎంచుకోకపోయినా మీ ఫాలోవర్లకి వచ్చే కొత్త పాటల ప్లేలిస్ట్ రిలీజ్ రాడార్‌లో అది వస్తుంది. ఒకసారికి ఒక్క పాటే పంపగలరు, అది ఇంకా విడుదల కానిదై ఉండాలి. నేనైతే మూడు నాలుగు వారాల ముందే పంపుతాను.

డబ్బు తీసుకుని పాట వినిపించే సబ్మిట్‌హబ్ లాంటి సేవలు 2015 తర్వాత బాగా పెరిగాయి. వాటిలో మీరు కొనేది వినే సమయం, ఒక అభిప్రాయం. బ్లాగర్లు, చిన్న ప్లేలిస్ట్ వాళ్లు పది మంది ఏమంటారో తెలుసుకోవడానికి కొద్దిగా ఖర్చు పెడితే తప్పు లేదు. ఆల్బమ్‌లో ఏ పాటని ముందుకు తేవాలో తేలనప్పుడు నాకు పనికొచ్చింది కూడా.

కానీ "ఇన్ని వేల స్ట్రీమ్స్ తెప్పిస్తాం" అనే కంపెనీల జోలికి వెళ్లొద్దు. నా స్నేహితుడి బ్యాండ్ అలాంటి ఒక కంపెనీకి డబ్బు కట్టింది. రెండు వారాలు అంకెలు పెరిగాయి, అందరం సంబరపడ్డాం. మూడో వారం అవి నకిలీ స్ట్రీమ్స్ అని చెప్పి, పాటల్ని స్ట్రీమింగ్ సైట్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ పాటనే తీసేశాడు. ఏడాది కష్టపడి రాసిన పాట, లింక్ నొక్కితే ఏమీ లేదు. ఆ టెన్షన్‌లో విడుదల కచేరీ కూడా సరిగ్గా జరగలేదు. 2024 నుంచి నకిలీ స్ట్రీమ్స్ ఎక్కువగా కనిపించిన పాటలకి స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ల దగ్గర, లేబుళ్ల దగ్గర జరిమానా కూడా వసూలు చేస్తోంది.

ప్లేలిస్ట్ అంకె వల్ల ఒక మేలుంది, దాన్ని కాదనను. క్లబ్బుల్లో బ్యాండ్లని బుక్ చేసేవాళ్లు మొదట చూసేది అదే. కానీ ప్లేలిస్ట్‌లో విన్నవాళ్లలో చాలామందికి బ్యాండ్ పేరు కూడా తెలియదు. పాట అయ్యాక "ఇప్పుడు విన్నది ఫలానా బ్యాండ్, శుక్రవారం మన ఊళ్లో వాయిస్తున్నారు" అని చెప్పే గొంతు అక్కడ లేదు.

పత్రికల కోసం పబ్లిసిస్ట్‌ని పెట్టుకోవాలా అని కూడా అడుగుతుంటారు. ఆల్బమ్ వెనక నిజంగా చెప్పాల్సిన కథ ఉంటే పెట్టుకోండి, లేకపోతే వద్దు. సంగీతం గురించి రాసే చోట్లే తగ్గిపోతున్నాయి. 2024 జనవరిలో పేరున్న సంగీత సమీక్షల సైట్ పిచ్‌ఫోర్క్‌ని కూడా దాని యజమాని కాండే నాస్ట్ మరో పత్రికలో కలిపేసింది.

డబ్బు తిరిగి వస్తుందా

నిజం చెప్పాలంటే, వీటిలో దేనితోనూ ఖర్చు నేరుగా తిరిగి రాదు. అమెరికాలో గాలిలో వచ్చే ఏఎమ్, ఎఫ్ఎమ్ రేడియో పాట రాసినవాళ్లకే చెల్లిస్తుంది. పాడి వాయించినవాళ్లకి, రికార్డింగ్ హక్కుదారుకి ఏమీ ఇవ్వదు. ఇంటర్నెట్, శాటిలైట్ రేడియోలో మాత్రం రికార్డింగ్‌కీ డబ్బుంది. దాన్ని సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసి 50 శాతం హక్కుదారుకి, 45 శాతం ప్రధాన కళాకారులకి, 5 శాతం తోడు వాయించినవాళ్ల నిధికి పంచుతుంది. సొంతంగా విడుదల చేసుకునే బ్యాండ్‌కి మొదటి రెండూ తనవే. అక్కడ పేరు నమోదు చేసుకోకుండా రేడియో ప్రచారం మొదలుపెట్టే బ్యాండ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో కనీసం 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ లేదు. బ్యాండ్‌క్యాంప్‌లో అమ్మితే డిజిటల్ మీద సైట్ వాటా 15 శాతం, మిగతాది చెల్లింపు ఖర్చులు పోను మీదే. అందుకే డీజేకి రాసే మెయిల్ కింద నేను పెట్టించే లింక్ ఎప్పుడూ బ్యాండ్‌క్యాంప్‌దే.

మీరు ఏది ఎంచుకోవాలి

మొదటి సింగిల్ అయితే ప్రమోటర్ వద్దే వద్దు. నలభై షోలకి మీరే రాయండి, స్పాటిఫైకి ఉచితంగా పంపండి, మిగిలిన డబ్బు రెండో పాట రికార్డింగ్‌కి ఉంచుకోండి. నాలుగైదు పాటల ఈపీ ఉంది, సొంత ఊరు దాటి కచేరీలు లేవు అన్నా ఇదే సలహా. కాకపోతే మీ ఊరి చుట్టూ ఉన్న స్టేషన్లకి ఎక్కువ సమయం ఇవ్వండి, లైవ్ సెషన్ చేస్తామని అడగండి.

ప్రమోటర్‌కి డబ్బు పెట్టదగిన సందర్భం నా దృష్టిలో ఒక్కటే. పూర్తి ఆల్బమ్ ఉండాలి, దాంతో కనీసం పది పన్నెండు ఊళ్ల టూర్ ఉండాలి, యాడ్ తేదీకి టూర్‌కి మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి. అప్పుడు ప్రతి స్పిన్ ఒక ఊరితో ముడిపడుతుంది. స్టేషన్‌లో టికెట్లు ఇవ్వవచ్చు, కచేరీ రోజు మధ్యాహ్నం స్టూడియోలో రెండు పాటలు వాయించవచ్చు, రాత్రి ఆ డీజే తన స్నేహితుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. టూర్ లేకుండా చార్ట్‌లో 150వ స్థానం వచ్చిందనుకోండి, ఆ అంకెతో ఏం చేస్తారు? అదే డబ్బుతో వ్యాన్‌లో పెట్రోల్ పోయించుకుని నాలుగు ఊళ్లు తిరగడం నయం.

అందరికీ పంపాక జవాబులు తక్కువే వస్తాయి. నలభైకి ఐదారు వస్తే బాగా వచ్చినట్టే. ఆ ఐదారుగురి పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ పాట వేశారో, ఏ రాత్రి వేశారో కూడా రాయండి. మా స్టేషన్‌కి ఒహాయో నుంచి ఒక బ్యాండ్ రికార్డు పంపింది. మేం అర్ధరాత్రి షోలో ఒక్కసారి వేశాం. వారం తర్వాత పోస్ట్‌కార్డ్ వచ్చింది, ఏ పాట తర్వాత తమ పాట వేశామో కూడా అందులో రాశారు. ఇంటర్నెట్‌లో మా షో మొత్తం విన్నారన్నమాట. మరుసటి ఏడాది వాళ్ల రెండో ఆల్బమ్ వచ్చిన రోజు ఆ కవర్ ఎవరు ముందు చింపాలా అని స్టూడియోలో మేం ముగ్గురం పోటీపడ్డాం.